రాళ్లవాగు ఠాణాలో చిందు ఫైలు

"గీ బాణాలేంది?"

"బాణాలు కావు సార్, అడుగులు."

"ఎవరియి?"

"ముత్తవ్వయి."

"గీ ముత్తవ్వ గిన్ని అడుగులేసి ఎటు పోతున్నది?"

"ఎటూ పోతలేదు సార్. ఉన్నకాడనే ఎగురుతున్నది."

కోరుట్ల పోయే బస్సు నిండా జనం. ఈ మాటలు విని ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వు రాక కాదు. ఎనభైల నడుమ జగిత్యాల తోవలో పోలీసులు బస్సాపి సంచులు వెతికేటప్పుడు ఎవరైనా నవ్వితే, కిందికి దింపి ఎందుకు నవ్వావో చెప్పమనేవాళ్లు. అందుకని అందరూ కిటికీల్లోంచి మొక్కజొన్న చేలను మహా శ్రద్ధగా చూస్తున్నారు.

ప్రశ్నలు వేస్తున్నది ఎస్సై నర్సింగం. జవాబులు చెబుతున్నది సిరిసిల్ల అమ్మాయి ఊర్మిల. ఆ ఇద్దరి నడుమ, ఊర్మిల సంచిలోంచి తీసిన లావుపాటి ఫైలును రెండు చేతులా మోస్తూ నిలబడ్డవాడు రాజనర్సు. ఈ కథ అతనిది. కానిస్టేబులుగా చేరాడు గాని దస్తూరీ బాగుందని చేతిలోంచి తుపాకీ తీసుకుని పెన్ను పెట్టారు. అప్పటినుంచి రాళ్లవాగు ఠాణాకు అతనే రైటర్. రాళ్లవాగును మ్యాపులో వెతక్కండి, దొరకదు. దొరికితే నాకే ఇబ్బంది.

"గిది దేని ఫైలు?" అన్నాడు నర్సింగం.

"డాన్సు ఫైలు సార్. గీ శతాబ్దంల ఆడినోళ్లందరి మీద ఒక్కొక్కరికొక్క ఫైలు తయారు చేస్తున్నం. హైదరాబాదుల ఒక సంస్థ తరఫున రిసెర్చి. గిది మేడిపల్లి ముత్తవ్వది. చిందు భాగోతంల పెద్ద పేరున్న మనిషి."

"డాన్సు మీద రిసెర్చా? డాన్సు సూస్తరు గని ఎవరన్న సదువుతరామ్మా?"

"సూసేటోళ్లు సచ్చిపోయినంక సదువుతరు సార్."

చావు మాట వినగానే నర్సింగం చెయ్యి బెల్టు మీదికి పోయింది. పాపం, ఆయన బాధ ఆయనది. రాళ్లవాగుకు వచ్చి రెండేళ్లవుతున్నా ఒక్క నక్సలైటు కూడా చిక్కలేదు. గడ్డం చూసి ఒకణ్ని పట్టుకుంటే, వాడు కొండగట్టు మొక్కున్న ఎరువుల దుకాణదారుడని తేలింది. పక్క ఠాణా ఎస్సై ఫోటో పేపర్లో పడినప్పటినుంచి ఈయనకు అన్నం సయించడం లేదు. అలాంటి మనిషి చేతికి బాణాల గుర్తులున్న బొమ్మలు దొరికాయి.

పేజీ తిప్పాడు. 'గొల్లపల్లి. పన్నెండుమంది మేళం. మూడు దినాలు. పటేలు ఇంట్ల అన్నం పెట్టిన్రు. పశువుల కొట్టంల పండిన్రు' అని ఉంది. నర్సింగం కళ్లు మెరిశాయి. అన్నలకు అన్నం పెట్టడమంత పెద్ద నేరం ఆ రోజుల్లో ఇంకోటి లేదు.

"పన్నెండుమంది! అన్నం పెట్టినోళ్లు, జాగ ఇచ్చినోళ్లు, అందరి పేర్లున్నయి రైటరూ!"

"సార్, గది పందొమ్మిదొందల ముప్పై రెండు సార్" అన్నాడు రాజనర్సు మెల్లగా.

"తారీకు గూడ కోడే అయితది. నీకు తెల్వదు, ఊకో."

ఫైలు జప్తు అయింది. ఊర్మిలను మాత్రం వదిలారు, ఒక షరతు మీద. అప్పట్లో అనుమానం ఉన్న ప్రతి మనిషికీ ఉండే షరతే అది. వారం వారం ఠాణాకు వచ్చి హాజరు సంతకం పెట్టాలి. యువజన సంఘం పిల్లల దగ్గర్నుంచి కూలిరేటు పెంచమని అడిగిన ముసలివాళ్ల దాకా ఎందరో పెట్టేవాళ్లు. ఊర్మిలకు సోమవారం పడింది. ఫైలంతా చదివి, అది డాన్సో కుట్రో తేల్చి రిపోర్టు రాయమని రాజనర్సుకు హుకుం పడింది.

పోలీసులు బస్సు దిగుతుంటే ఊర్మిల కిటికీలోంచి తొంగిచూసి, కళ్లద్దాలు సర్దుకుని రాజనర్సుతో అంది: "ఓ రైటర్ సారూ! కాయితాలకు ఛాయ్ మరకలు కానియ్యకుండ్రి. మూడేండ్ల కష్టం గది."

రాజనర్సు తలూపాడు. ఆ తల చాలాసేపు ఊగుతూనే ఉందని హెడ్డు కానిస్టేబులు ఓదెలు తర్వాత అందరికీ చెప్పాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకే రాజనర్సు ఫైలంతా చదివేశాడు. చదవడానికి ఏముంది? ముత్తవ్వ ఏ ఊళ్లో ఏ వేషం కట్టింది, గజ్జెలు ఎక్కడ కొంది, ఏ దరువుకు ఏ అడుగు వేసింది. కుట్ర మాట అటుంచి, అందులో ఒక కోపం మాట కూడా లేదు. 'ఇది డాన్సు ఫైలు, ఇంకేమీ కాదు' అని ఒక్క వాక్యం రాస్తే పనైపోయేది. పెన్ను తీశాడు కూడా. రాస్తే ఆ అమ్మాయి ఫైలు తీసుకుని వెళ్లిపోతుంది. మళ్లీ రాళ్లవాగుకు ఎందుకొస్తుంది? ఎవరొస్తారు రాళ్లవాగుకు? పెన్ను మూత పెట్టేశాడు.

ఇది మంచి పని కాదు. ప్రేమకథే కదా, పోనిద్దురూ అని మీరు సర్దుకుంటారేమో గాని, ఊర్మిల సర్దుకోలేదు. ఆ సంగతి ముందుంది.

మొదటి సోమవారం ఊర్మిల సంతకం పెట్టి బెంచీ మీద కూర్చుంది.

"సదివిన్రా?"

"మూడు కాయితాలైనయి."

"వారమంత సదివి మూడు కాయితాలా? మీరు బడికి ఎన్నేండ్లు పోయిన్రు?"

"ఎరుకజేసుకుంట సదువుతున్న మేడం. సూడుండ్రి, గిక్కడ 'తకిట తకధిమి' అని ఉన్నది. దీనర్థమేంది?"

"అర్థమేముంటది? అది మద్దెల సప్పుడు."

"అర్థం లేనిది రాసిన్రని రిపోర్టుల రాయాల్నా మరి?"

ఊర్మిల నుదురు కొట్టుకుని, పెన్సిలుతో బల్ల మీద దరువు వేసి చూపించింది. ఎడమ, కుడి, మడమ, మునివేళ్లు, బాణం ఎటుంటే కాలు అటు. రాజనర్సు ఎన్నిసార్లు అర్థం కాలేదన్నాడో అన్నిసార్లు వేసింది. మూలన రైఫిలు తుడుస్తున్న ఓదెలు పాదం దానంతట అదే లేచి పడుతోంది. లోపలి గదిలోంచి "ఎవడ్రా గా సప్పుడు!" అని నర్సింగం అరిచేదాకా ఠాణాలో చిన్న కచేరీయే జరిగింది.

"మీరు ఆడుతరా మేడం?" అని అడిగాడు రాజనర్సు గొంతు తగ్గించి.

"నేనా? నాకు రాదు. ఆడేటోళ్లు వేరు, రాసేటోళ్లు వేరు" అని సంచి సర్దుకుని లేచింది.

ఆమె పోయాక రాజనర్సు రికార్డు గదిలో తలుపు దగ్గరికేసి, బూట్లు విప్పి, కాగితం నేల మీద పరిచి, బాణాల మీద కాళ్లు పెట్టి చూశాడు. మగ్గం గుంటలో కాళ్లాడించే ఇంట్లో పుట్టినవాడు. వాళ్ల నాయన కోరుట్లలో ఆఖరి రోజుదాకా చేనేతే నేశాడు. ఆ కాళ్లకు లెక్క తొందరగానే పట్టుబడింది. తలుపు తోసుకుని వచ్చిన ఓదెలు చూసి, మళ్లీ తలుపు దగ్గరికేసి పోయాడు.

ఇంకో సోమవారం వాన. మామూలు వాన కాదు, రోడ్డూ వాగూ ఒకటైన వాన. బస్సు దిగిన ఊర్మిల గొడుగు గాలికి తిరగబడింది. రాజనర్సు కిటికీలోంచి చూసి, చేతికి దొరికింది లాక్కుని ఉరికాడు. దొరికింది, జనం రాళ్లు రువ్వితే పోలీసులు అడ్డం పెట్టుకునే పేము డాలు. దాన్ని ఆమె తలకు పట్టాడు. డాలులో ఎన్ని సందులున్నాయో అన్ని ధారలు ఆమె మీద పడ్డాయి.

"గిదేం గొడుగు సారూ? మీదికెళ్లి పడే వానే మంచిగుండె, దీని కింద ఇంక ఎక్కువ తడుస్తున్న!"

"సర్కారు సామాను మేడం. గట్లనే ఉంటది."

ఊర్మిల నవ్వింది. అద్దాల మీద నీళ్లు, ముక్కు మీద నీళ్లు, ఆ నవ్వు మీద నీళ్లు. రాజనర్సుకు డాలు దించాలని కూడా తోచలేదు. వరండాలోకి వచ్చాక కూడా పట్టుకునే నిలబడితే, ఓదెలు వచ్చి చేతిలోంచి తీసుకున్నాడు.

ఆ రోజు ఇద్దరూ వరండాలో కూర్చుని ఛాయ్ తాగారు. వాన చప్పుడులో ఎవరికీ వినపడదని ఊర్మిల ఒక మాట చెప్పింది.

"మీకొక్కరికే చెప్తున్న. మేడిపల్లి కాడ అన్నలు గూడ నన్ను ఆపిన్రు. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు ఎవరి కోసం రాస్తున్నవని అడిగిన్రు. పోలీసోళ్ల మనిషివా అన్నరు. ఫైలు తీస్కపోయిన్రు."

రాజనర్సు గ్లాసు కింద పెట్టాడు. "మరి?"

"సదివి, గిది దొరల కాలం ఆట, దీనితోని విప్లవం రాదు అని ఒక గంట క్లాసు తీసుకున్నరు. అయినా వారంల తిరిగిచ్చిన్రు. మీరే ఇస్తలేరు."

"గీ మాట నాతోని అన్నరు గని ఇంకెవ్వరితోని అనకుండ్రి మేడం. మీకు దండం పెడుత."

"మీతోని గనకనే అన్న" అంది ఊర్మిల.

ఆ ఒక్క మాటకు రాజనర్సు వారమంతా నేల మీద నడవలేదు. కానీ రాత్రిపూట పక్క మీద వాలితే మాత్రం ఠాణా బెంచీయే కళ్లముందుకొచ్చేది. ఇంత నమ్మిన మనిషిని తను బెంచీ మీద కూర్చోబెడుతున్నాడు. వచ్చే సోమవారం రిపోర్టు రాసిచ్చేద్దాం అనుకునేవాడు. వచ్చే సోమవారం ఆమె జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చేది. ఇంకొక్క వారం, అనుకునేవాడు.

అలా ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అని నెలలు దొర్లాక, ఒక శనివారం పొద్దున నర్సింగం ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆయన ఈల వేయడం ఠాణాలో ఎవరూ అంతవరకూ వినలేదు.

"రైటరూ, సోమవారం డీఎస్పీ సారు వస్తున్నరు. గా ఫైలు మీద నేనే రాసి పంపిన. కోడ్ డాక్యుమెంటు దొరికిందని. సాయంత్రానికల్ల గా పిల్లను జగిత్యాల తీస్కపోయి లోపలేస్తరు. కెమెరాతోని మనిషిని గూడ రమ్మన్న."

రాజనర్సు బల్ల దగ్గరికి ఉరికాడు. సొరుగు లాగి, కాగితం తీసి, నిలబడే నాలుగు ముక్కలు బరబరా రాశాడు. "సార్, రిపోర్టు. మొత్తం సదివిన. గిది డాన్సే సార్. ఒట్టి డాన్సు."

నర్సింగం కాగితం చూడనైనా చూడలేదు. "అరేయ్, గిన్ని నెలలు కూసోని సదివినవ్. ఒట్టి డాన్సు ఫైలైతే ఇంత కాలం పడుతదా? నీ అసుంటి సదువుకున్నోనికే పట్టువడుత లేదంటే లోపల ఎంత మర్మం ఉన్నట్టు? డీఎస్పీకి నేను గదే రాసిన!"

రాజనర్సు కుర్చీలో కూలబడ్డాడు. ఆమె కళ్లెదుట ఉండాలని తను చేసిన ఆలస్యమే ఇప్పుడు ఆమె మీద సాక్ష్యమై కూర్చుంది. రావద్దని కబురు చేద్దామంటే, రాకపోతే పరారీ అంటారు. వస్తే జీపు ఎక్కిస్తారు. అప్పట్లో జీపెక్కిన మనుషులు ఎక్కడ దిగేవాళ్లో అందరికీ తెలుసు. కొందరు దిగేవాళ్లే కాదు.

సోమవారం డీఎస్పీ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, పొట్టమీద బెల్టు, చేతిలో చిన్న కర్ర. ఠాణా ముందు వేపచెట్టు కింద కుర్చీ వేశారు. ఊర్మిల ఎప్పటిలాగే బస్సు దిగి వచ్చింది. జీపులూ తుపాకులూ చూసి ఒక్క క్షణం ఆగింది. రాజనర్సు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

నర్సింగం అడుగుల బొమ్మను బల్ల మీద పరిచి కర్రతో చూపించాడు. "సార్, గిది గుట్ట. గిది వాగు. ఎనిమిది మంది గీ పక్క నుంచి వస్తరు, గిక్కడ దాక్కుంటరు, మన జీపు గిక్కడికి రాంగనే చుట్టేస్తరు."

"అవి ఎనిమిది మంది కాదు సార్, ఎనిమిది అడుగులు" అంది ఊర్మిల. "ఒక్క మనిషియే."

డీఎస్పీ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "సరేనమ్మా, డాన్సే అనుకుందాం. ఏదీ, చేసి చూపించు."

"నాకు రాదు సార్."

"ఇంత ఫైలు రాశావు, చెయ్యడం రాదా?"

"పోలీసుల మీద పేపర్ల రాసేటోళ్లకు లాఠీ తిప్పుడు వస్తదా సార్?"

ఓదెలుకు దగ్గు వచ్చింది. డీఎస్పీ మొహం ముడుచుకుంది. "పోనీ, ఆ ముత్తవ్వనే పిలిపించండి."

"ఎనభై దాటినయి సార్. మోకాళ్లు పట్టుకపోయినయి. మంచం దిగదు."

"బాగానే ఉంది. చేసేవాళ్లు మంచం దిగరు, రాసేవాళ్లకు చెయ్యడం రాదు. ఎవరూ చెయ్యలేని డాన్సు డాన్సెలా అవుతుందమ్మా? నర్సింగం, జీపెక్కించవయ్యా."

ఊర్మిల మొహంలో నెత్తురు చుక్క లేదు. కెమెరా మనిషి ముందుకొచ్చాడు.

"సార్! నేనాడుత సార్!"

అందరూ ఇటు తిరిగారు. రాజనర్సు టోపీ తీసి వేపచెట్టు కొమ్మకు తగిలించాడు. నర్సింగం నోరు తెరిచాడు. "రైటరూ, నీకు గిట్ల పిచ్చిలేసిందా?"

"మేడం, మీరు దరువు సదువుండ్రి" అన్నాడు రాజనర్సు. "మొదటి కాయితం కాడికెళ్లి."

ఊర్మిల అతన్ని చూసింది. తర్వాత ఓదెలు చేతిలో లాఠీ అందుకుని, బల్ల మీద కొడుతూ మొదలుపెట్టింది. "తకిట తకధిమి, తకిట తకధిమి..."

ఖాకీ బట్టలు, పోలీసు బూట్లు, నుదుట చెమట. మొదటి చుట్టు తడబడ్డాడు. రెండో చుట్టుకు భయం పోయింది. మూడో చుట్టులో ఎడమ మడమ తొక్కి, కుడికాలు విసిరి, గిర్రున తిరిగి ఎగిరితే రాళ్లవాగు ఠాణా ముందు దుమ్ము లేచింది. ఆగిన బస్సులో జనం కిటికీలన్నిట్లోంచి తలలు పెట్టారు. ఎవడో ఈల వేశాడు. ఓదెలు చప్పట్లతో తాళం అందుకున్నాడు.

డీఎస్పీ కాగితం పట్టుకుని కాళ్లవెంట చూపు తిప్పుతున్నాడు. "ఎడమ ఇక్కడ... కుడి ఇక్కడ... ఆ బాణం... అరె, సరిగ్గా నర్సింగం చెప్పిన వాగులోనే పడిందయ్యా కాలు!" అంటూ తనకు తెలియకుండానే కర్రతో బూటు మీద దరువు కొట్టసాగాడు.

ఆట ఆగింది. డీఎస్పీ ఫైలు తిరగేసి చూసి, గంభీరంగా లేచి నిలబడ్డాడు. "ఏవయ్యా నర్సింగం! ముప్పై రెండులో అన్నం పెట్టినవాళ్లని ఏ సెక్షను కింద అరెస్టు చేద్దామనుకున్నావు? వాళ్లెక్కడున్నారు, స్మశానంలోనా?" ఫైలు ఊర్మిల చేతికిచ్చాడు. తర్వాత రాజనర్సు వైపు తిరిగాడు. "యూనిఫాంలో ఎగిరినందుకు నీకు గోదారి అవతల అడవి క్యాంపుకు బదిలీ. బాగానే ఎగిరావు గాని, రూలు రూలే."

జీపులు వెళ్లిపోయాయి. వేపచెట్టు కింద ఇద్దరే మిగిలారు. ఊర్మిల కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"ఎప్పుడు నేర్చుకున్నరు? నా ఫైలు సూసి నేర్చుకున్నరా? నా పానం కాపాడిన్రు మీరు!"

ఊరుకుంటే పోయేది. ఊరుకుంటే హీరో అయిపోయేవాడు. కానీ ఆ కళ్లలోకి చూస్తూ ఆ మెప్పు తీసుకోవడం అతనివల్ల కాలేదు.

"కాపాడలే మేడం. మీ పానం మీదికి తెచ్చిందే నేను. గది డాన్సని నాకు మొదటి దినమే తెలుసు. గా సాయంత్రమే మొత్తం సదివిన. రిపోర్టు ఇస్తే మీరు మళ్ల రారని... ఇయ్యలే."

ఊర్మిల సంచి భుజానికి తగిలించుకుంది. ఫైలు గుండెకు హత్తుకుని, రోడ్డు దాటి, బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది గాని ఇటు చూడలేదు.

రాజనర్సు క్యాంపుకు పోలేదు. పది రోజులు సెలవు పెట్టి, ఆలోచించి, ఒక కాగితం రాసిచ్చి, సిరిసిల్ల బస్సెక్కాడు. ఊర్మిల నాయన కనకయ్యకు నాలుగు సాంచెలున్నాయి. సిరిసిల్లలో పవర్‌లూమును సాంచె అంటారు. ఆ సందులోకి అడుగుపెడితే పక్కవాడి మాట వినపడదు. మామూలు అంగీ వేసుకున్నా క్రాపు చూసి పోలీసని పట్టేశారు. ఒక్కొక్క ఇంట్లో సాంచె ఆగింది, తలుపు పడింది. రాజనర్సు కనకయ్య గడప దగ్గరికి వచ్చేసరికి సందంతా చెవులు రిక్కించుకుని నిశ్శబ్దంగా ఉంది.

"ఏం గావాలె?" అన్నాడు కనకయ్య నూలు దుమ్ము దులుపుకుంటూ. "గీ సందుల ఎవ్వరు లేరు. ఎవ్వరికి అన్నం పెట్టలే."

"మాఫీ అడుగనీకి వచ్చిన, పెద్దయ్యా."

కనకయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమన్నవ్? పోలీసోడు మాఫీ అడుగుడా? ఓ ఇంద్రమ్మా, గిట్ల రా, నువ్వు గూడ ఇను!"

ఊర్మిల తల్లి ఇంద్రమ్మ వచ్చింది. ఆమె వెనక ఊర్మిల. రాజనర్సును చూడగానే చేతిలో ఉన్న నూలు కండెలు బుట్టలో విసిరికొట్టింది.

"ఎందుకొచ్చిన్రు? ఏ దినం సంతకం పెట్టాలె ఇప్పుడు?"

"ఊర్మిలా..."

"నేను చెప్పేది ఇనుండ్రి. ప్రతి సోమవారం బస్సు దిగేముందు ఏం చేసేదాన్నో తెలుసా? మా అవ్వనాయనలను మనసుల తలుసుకుని, పోయొస్త అని చెప్పుకునేదాన్ని. వాపసొస్తనో లేదో తెల్వక. గా బెంచీ మీద కూసుంటే కాళ్లు వణికేటియి. అవి కనపడకుండ నవ్వేదాన్ని. మిమ్ములను సూసి కొంచెం ధైర్యమొచ్చేది. గా బెంచీ మీద కూసోబెట్టింది మీరే అని తెల్వక!"

రాజనర్సుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను సోమవారం కోసం వారమంత ఎదురుసూసేటోన్ని. మీరు గదే సోమవారానికి వారమంత బుగులు పడేటోళ్లని నాకు తట్టలే. తట్టకపోవుడే నా తప్పు. గది తెలిసినంక గా బట్టలు తొడుగబుద్ధయితలేదు. రాజీనామా ఇచ్చిన."

"ఇచ్చిన్రా?" అంది ఊర్మిల.

"ఇచ్చిన. గని ఎందుకిచ్చిననో నర్సింగం సారుకు అనుమానమొచ్చింది. దాని మీద ఫైలు తెరిచిన్రు. కొత్త రైటర్ సదువుతున్నడు. అయ్యేదాక వారం వారం వచ్చి సంతకం పెట్టమన్నరు."

ముందు కనకయ్య గొంతులో ఏదో గురగురమంది. తర్వాత ఇంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఊర్మిల పెదవి కొరుక్కుని చూసింది గాని ఆగలేదు, గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తలుపుల వెనక సందంతా నవ్వింది. ఒకటొకటిగా సాంచెలు మళ్లీ మొదలయ్యాయి.

"నవ్విన గని మాఫ్ చెయ్యలే" అంది ఊర్మిల ఆ చప్పుడులో అరుస్తూ.

"తెలుసు!"

"ముత్తవ్వ ఆఖరి దరువు ఇంక రాసుకోలే నేను. ఆమె నోటితోని చెప్తది, కాళ్లు లేవవు. ఎవరన్న అడుగులేస్తే నేను బొమ్మ గీసుకుంట. నాకు కాళ్లు గావాలె. మీరు కాదు, మీ కాళ్లు!"

"కాళ్ల ఎనుక నేను గూడ రావాల్సొస్తది!"

"వస్తే రాండ్రి. మాట్లాడకుండ్రి!"

మేడిపల్లిలో ముత్తవ్వ ఇంటి వాకిట్లో మంచం మీద పిట్టంత మనిషి. కళ్లు మాత్రం వేషం కట్టిన కళ్లు. రాజనర్సును పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

"ఎవడే గీ పిలగాడు?"

"కాళ్లు అవ్వా. అడుగులేయనీకి తెచ్చిన."

"కాళ్లను తెస్తే కాళ్లనే సూడాలె బిడ్డా. నువ్వు మొకం దిక్కు సూస్తున్నవ్."

ఊర్మిల గబగబా పెన్సిలు చెక్కుకుంది. ముత్తవ్వ బోసినోటితో దరువు అందుకుంది. రాజనర్సు చెప్పులు విడిచి, లుంగీ ఎగ్గట్టి వాకిట్లో దిగాడు. ఊర్మిల గీస్తోంది. ఒక చోట, దరువు వంపు తిరిగి ఆగి మళ్లీ ఎత్తుకునే చోట, అతని కాలు ముందే పడిపోయింది.

"తప్పు" అంది ముత్తవ్వ.

మళ్లీ వేశాడు. మళ్లీ ముందే పడింది.

"తప్పు!"

మూడోసారి. తొందర. ఎదురుచూడటం చేతకాని కాలు.

"గట్ల కాదు!" అంది ఊర్మిల కూర్చున్నచోటి నుంచే. "ఆగాలె. గాడ ఊపిరి పట్టి ఆగాలె."

"ఎంతసేపు ఆగాలె?"

"దరువు పిలిచేదాక! గంత తొందరేంది మీకు?"

"ఆగినట్టే ఉన్నది గదా..."

"ఏడ ఆగిన్రు? సూడుండ్రి!"

కాగితాలు పక్కకు తోసి లేచింది. చీర కుచ్చెళ్లు దోపుకుని, అతని పక్కన నిలబడి, ఎడమ మడమ తొక్కింది. కుడికాలు ఎత్తి, గాలిలో ఆపి, ఊపిరి పట్టింది. ముత్తవ్వ దరువు పిలిచింది. అప్పుడు కాలు వేసింది. వేశాక గాని తెలియలేదు తనేం చేసిందో. తన పాదాల వైపు ఎవరివో చూసినట్టు చూసుకుంది.

"నాకు రాదు అవ్వా" అంది కంగారుగా.

"వచ్చినంక రాదంటదేంది గీ పిల్ల! ఆపకు, ఎయ్యి."

ఊర్మిల ఒక్కసారి రాజనర్సు మొహంలోకి చూసింది. అతను కాలెత్తి, గాలిలోనే ఆపి, ఆమె కోసం చూస్తూ ఒంటికాలి మీద నిలబడ్డాడు. మోకాలు వణుకుతోంది. అయినా దించలేదు.

"పడిపోతరు" అంది ఊర్మిల.

"పడిపోనీ. మీరేసినంకనే ఏస్త."

ఊర్మిల చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది. "దా" అంది. మొదటిసారి ఆమె నోట 'మీరు' పోయింది. ముత్తవ్వ మంచం కోడు మీద చేత్తో కొట్టి దరువు అందుకుంటే, ఇద్దరూ ఒక్కసారే అడుగు వేశారు.